వెయ్యిమందికి రోజుకి 10 డోసులేనట! మా ఇంట్లోనే ముగ్గురం వాడాం. ఈ యాంటీబయాటిక్ లెక్క ఎవరు కడుతున్నారు?

నాగావళి_గట్టు
మా ఇంట్లో ఐదుగురం. గత నెల వరసగా గొంతునొప్పులు. ముందు నాకు, నాలుగు రోజులకి మా ఆవిడకి, ఆ తర్వాత నాన్నగారికి. ముగ్గురికీ అదే మందు, అజిత్రోమైసిన్ 500, మూడు మాత్రల స్ట్రిప్. వీధి చివర షాపులో కొన్నాం. ఆయన డాక్టర్ చీటీ అడగలేదు, మేమూ చూపించలేదు.

నిన్న ఒక వ్యాసంలో చదివాను. 2019లో మన దేశంలో యాంటీబయాటిక్ వాడకం వెయ్యిమందికి రోజుకి 10.4 అట. యూరప్‌లో అదే ఏడాది 19.9. అంటే మనం వాళ్ళలో సగమే. మరి పేపర్ తీస్తే చాలు, మనవాళ్ళు యాంటీబయాటిక్స్ మరమరాల్లా తినేస్తున్నారని గోల. ఏది నిజం? అసలు మా ముగ్గురం మింగిన తొమ్మిది మాత్రలు ఏ లెక్కలోకి వెళ్ళాయి? మమ్మల్ని ఎవరూ అడగలేదు. జనాభా లెక్కలకి వచ్చే మాస్టారు మరుగుదొడ్డి ఉందా అని అడుగుతారు గానీ మాత్రలు మింగావా అని అడగరు కదా.

సిక్కోలు_చిన్నోడు
ఐదుగురిలో ముగ్గురంటే వెయ్యికి ఆరువందలు. యూరప్ ఏటి, ప్రపంచ రికార్డు మీ ఇంటిదే.

లెక్కల_మాస్టారు
చిన్నోడా, ఇలా కట్టినందుకే నీకు పదో తరగతిలో ఆ మార్కులు.

10.4 అన్నది మనుషుల సంఖ్య కాదు, డోసుల సంఖ్య. ఒక్కో మందుకి పెద్దవాళ్ళు మామూలుగా రోజుకి ఎంత వాడతారో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున ఓస్లోలో ఒక కేంద్రం ఖాయం చేస్తుంది. దాన్ని డీడీడీ అంటారు. నోటితో వేసుకునే అమాక్సిసిలిన్‌కి ఒకటిన్నర గ్రాములు, సెఫిక్సైమ్‌కి 0.4, అజిత్రోమైసిన్‌కి 0.3. అమ్మిన మందు బరువుని దీంతో భాగిస్తే ఎన్ని డోసులో వస్తుంది. ఒకప్పుడు ఊరికో కుంచం ఉండేది చూడండి, ఆమదాలవలస కుంచంతో కొలిచిన ధాన్యానికీ రాజాం కుంచంతో కొలిచినదానికీ పొంతన ఉండేది కాదు. ఇది అందరికీ ఒకే కుంచం.

ఇప్పుడు నాగావళి ఇంటి లెక్క. ఒక్క స్ట్రిప్ ఒకటిన్నర గ్రాములు. దాన్ని 0.3తో భాగిస్తే 5 డోసులు. మూడు స్ట్రిప్పులకి 15. దేశం సగటు 10.4 ప్రకారం ఐదుగురున్న ఇంటికి ఏడాది మొత్తానికి వచ్చేది 19. మీరు ఒక్క నెలలోనే 15 ఖర్చు పెట్టేశారు. మిగతా పదకొండు నెలలకీ నాలుగే ఉన్నాయి, జాగ్రత్తగా వాడుకోండి.

నాగావళి_గట్టు
మూడు రోజులు మూడు మాత్రలు వేసుకుంటే ఐదు రోజుల లెక్క ఎలా అవుతుంది మాస్టారూ? ఇదేదో కరెంటు బిల్లులా ఉందే.

లెక్కల_మాస్టారు
కుంచం అంతే బాబూ. ఎవరు ఎన్ని రోజులు వేసుకున్నారో దానికి తెలీదు, బరువు ఒక్కటే తెలుసు. ఇంకో మాట. ఈ డోసు 70 కిలోల పెద్ద మనిషికి కట్టినది. పసిపిల్లలకి సిరప్ ఐదు రోజులు పోసినా లెక్కలోకి వచ్చేది ఒకటో రెండో. పిల్లలు ఎక్కువున్న ఊళ్ళో కోర్సులు ఎక్కువ, డోసులు తక్కువ కనబడతాయి.

మందుల_కొట్టు_బావ
ఎవరు లెక్క కడతారని కదా అడిగారు. పాతికేళ్ళుగా కొట్టు నడుపుతున్నవాడిగా చెప్తున్నాను. మిమ్మల్ని ఎవరూ అడగరు. నన్ను కూడా అడగరు. నాకు సరుకు వేసే స్టాకిస్టుని అడుగుతారు. ఆయన కంప్యూటర్‌లో బిల్లు కొడతాడు కదా, ఏ కంపెనీ మందు ఎన్ని స్ట్రిప్పులు కదిలాయో ఆ లెక్కలు కొనే సంస్థలు ఉన్నాయి. కంపెనీల వాళ్ళు తమ అమ్మకాలు చూసుకోవడానికి పుట్టిన లెక్క అది. పరిశోధన చేసేవాళ్ళు దాన్నే తీసుకుని డోసులుగా మార్చారు. ఆ 10.4 అలా వచ్చిందే.

అంటే స్టాకిస్టు నాకు బిల్లు కొట్టిన నిమిషానికే మీ నాన్నగారు ఆ మాత్ర మింగినట్టు. అది నా బీరువాలో ఉన్నా, మీ ఇంట్లో డబ్బాలో ఉన్నా, ఎలక కొట్టేసినా సరే.

గంటస్తంభం_గడియారం
అయితే మా ఇంటి ఎలకలకి కూడా గొంతునొప్పి తగ్గే ఉంటుంది.

పీహెచ్‌సీ_చెల్లెమ్మ
బావగారు చెప్పినది ప్రైవేటు లెక్క మాత్రమే. మా దగ్గర ఇచ్చే మందులు అందులో లేవు. మాకు సరుకు ప్రభుత్వ సంస్థ ద్వారా వస్తుంది, వచ్చినదీ ఇచ్చినదీ ఆన్‌లైన్‌లో ఎక్కిస్తాం. సర్వర్ పనిచేస్తే ఆ పూటే, లేకపోతే మర్నాడు.

నేను స్టాఫ్ నర్సుని, వేరే మండలంలో. మా ఓపీలో రోజూ జరిగే సంగతి వినండి. జలుబు, ఒళ్ళు నొప్పులు అని వస్తారు. డాక్టర్ గారు పారాసెటమాల్ రాస్తారు. మాత్రలు చేతిలో పెడితే తిప్పి తిప్పి చూసి, "ఈ తెల్ల బిళ్ళలేనేటమ్మా? రంగు బిళ్ళలు లేవా?" అంటారు. రంగు బిళ్ళలంటే క్యాప్సూల్స్. లేవంటే ఆటో ఎక్కి నేరుగా బావగారి లాంటి వాళ్ళ కొట్టుకి వెళ్తారు. ఆ పేషెంటు నా దగ్గర పారాసెటమాల్ లెక్క, మీ దగ్గర సెఫిక్సైమ్ లెక్క. ఇద్దరూ ఒక్కరేనని ఏ కంప్యూటర్‌కీ తెలీదు.

మందుల_కొట్టు_బావ
చెల్లెమ్మా, "లాంటి వాళ్ళ" అని నన్ను ఎందుకు లాగుతావు. నేను ఇవ్వకపోతే పక్క కొట్టువాడు ఇస్తాడు.

పీహెచ్‌సీ_చెల్లెమ్మ
ఆ మాట ఆ పక్క కొట్టాయన కూడా అంటాడు.

బెంగళూరు_బొబ్బిలోడు
ఆధార్‌తో లింక్ చేసి ఒక యాప్ పెట్టేస్తే సరిపోతుంది కదా. ప్రతి స్ట్రిప్‌కీ క్యూఆర్ కోడ్, స్కాన్ చేస్తేనే అమ్మకం.

సిక్కోలు_చిన్నోడు
మా ఊళ్ళో రేషన్‌కి వేలిముద్ర పడక మా నాయనమ్మ మూడుసార్లు తిరిగింది. ఇప్పుడు జొరంతో కూడా తిరగాలా?

పెద్దింటి_పెరడు
బావగారూ, చీటీ మీదే అమ్మాల్సిన కొన్ని మందులకి షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ అని ఉంటుంది కదా. 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. డాక్టర్ పేరు, పేషెంటు పేరు, మందు, ఎన్ని మాత్రలు, అన్నీ రాసి మూడేళ్ళు దాచాలి. దాన్ని పట్టుకుని లెక్క కట్టొచ్చు కదా?

మందుల_కొట్టు_బావ
ఇక్కడ నా అసలు పేరు లేదు కాబట్టి నిజం చెప్తాను.

ఆ రిజిస్టర్ ఉంది. ఎర్ర అట్ట, పొడుగు పుస్తకం. సెఫిక్సైమ్ లాంటివి అమ్మితే అందులో రాయాలి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కొట్టు ముందు జనం, నేనొక్కడిని, కుర్రాడొక్కడు. ఎవడు రాస్తాడు? రాత్రి షట్టర్ సగం దించాక, బిల్లు పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్క బిగిన రాసేవాణ్ణి. చీటీ లేకుండా పోయినవాటికి డాక్టర్ పేరు ఎక్కడినుంచి తేను? ఎప్పుడో వచ్చిన చీటీల్లోంచి ఒక పేరు. పేషెంటు పేరు అడిగిన పాపాన పోలేదు, కాబట్టి అప్పలనాయుడు, పైడిరాజు, సూర్యనారాయణ. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ మూడు పేర్లు రాస్తే ఎవడూ తప్పని నిరూపించలేడు.

గొప్పగా చెప్పడం లేదు. సిగ్గుపడే చెప్తున్నాను. ఇప్పుడు మానేశాను, చీటీ ఉంటేనే రాస్తున్నాను. చీటీ లేకపోతే ఇవ్వడం కూడా చాలావరకు తగ్గించాను. చాలావరకు అన్నాను, పూర్తిగా అనలేదు.

గంటస్తంభం_గడియారం
నా పేరు నిజంగానే పైడిరాజు. ఇన్నేళ్ళుగా ఎన్ని మందులు మింగానో ఇవాళ తెలిసింది.

నాగావళి_గట్టు
సరే, లెక్క స్టాకిస్టు దగ్గరిది అని అర్థమైంది. నా మొదటి ప్రశ్న మిగిలే ఉంది. మనది యూరప్‌లో సగమే అయినప్పుడు గోల ఎందుకు?

పెద్దింటి_పెరడు
ఫార్మకాలజీ పీజీ చేస్తున్నాను, చదివినంత వరకు చెప్తాను.

ఎంత అన్నది ఒకటి, ఏది అన్నది ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్స్‌ని మూడు గుంపులు చేసింది. యాక్సెస్ అంటే ముందుగా వాడాల్సినవి, అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్ లాంటివి. వాచ్ అంటే క్రిములు మందుకి లొంగకుండా పోయే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆచితూచి వాడాల్సినవి. అజిత్రోమైసిన్, సెఫిక్సైమ్, సిప్రోఫ్లాక్సాసిన్ ఇందులోవే. రిజర్వ్ అంటే ఇంకేదీ పనిచెయ్యనప్పుడు తీసేవి, కొలిస్టిన్ లాంటివి. మా అమ్మకి ఇలా చెప్పాను: రోజూ పెట్టుకునే దుద్దులు, పెళ్ళికి పెట్టుకునే హారం, లాకర్లో ఉండే బంగారం.

2019 ప్రైవేటు లెక్కలో మొత్తం సుమారు 507 కోట్ల డోసులు. అందులో వాచ్ గుంపు 54.9 శాతం. యాక్సెస్ 27 శాతం. దేశం మొత్తం మీద ఎక్కువగా కదిలిన ఒక్క మందు నాగావళి గారి ఇంట్లోదే, అజిత్రోమైసిన్ 500 మాత్ర, 7.6 శాతం. దాని వెనక సెఫిక్సైమ్ 200. గోగు చేలో కలుపు తీయడానికి హారం పెట్టుకుని వెళ్తున్నాం.

2024 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితిలో దేశాలన్నీ ఒప్పుకున్న మాట ఏంటంటే, 2030కల్లా ప్రపంచం మొత్తం మీద వాడకంలో కనీసం 70 శాతం యాక్సెస్ గుంపువి కావాలి. మనం ఎక్కడున్నామో చూసుకోండి. ఇంకా ఉంది. ఆ 2019 లెక్కలో 47.1 శాతం డోసులు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం లేని రూపాల్లో అమ్ముడైనవే.

లెక్కల_మాస్టారు
హారం పోలిక బాగుంది. 54.9కి 27 కలిపితే 82. మిగతా 18?

పెద్దింటి_పెరడు
కొంత రెండు మూడు మందులు కలిపేసిన మాత్రలది మాస్టారూ, వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పనివి. రిజర్వ్ వాటా కొద్దిగానే. లూజ్ మోషన్ అనగానే మన దగ్గర ఇచ్చే ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర మీకు తెలుసు కదా.

సిక్కోలు_చిన్నోడు
తెలుసు. పెళ్ళి భోజనం మర్నాడు ఊరంతటికీ తెలుసు.

చీపురుపల్లి_ప్యాసింజర్
ఈ ఏది అన్న మాట మా ఇంట్లో నిజమైంది, చెప్తాను.

మా బావమరిది వ్యవసాయం. రెండేళ్ళ క్రితం వర్షాలు వెనకబట్టాక గడ్డి కోసి వచ్చిన వారానికి జ్వరం. ఊళ్ళో ఆర్‌ఎంపీ సెఫిక్సైమ్ ఇచ్చాడు, ఐదు రోజులు. తగ్గలేదు. మార్చి ఇంకోటి, ఇంజెక్షన్. అదీ సెఫ్ పేరుదే. ఎనిమిదో రోజుకి ఆయాసం. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అక్కడి డాక్టరమ్మ చొక్కా విప్పించి ఒళ్ళంతా వెతికింది. మేం ఏటి వెతుకుతోంది అనుకున్నాం. చంక కింద నల్లటి పెచ్చు, సిగరెట్ అంటించినట్టు. స్క్రబ్ టైఫస్ అంది. నల్లిని పోలిన పురుగు కుడితే వస్తుందట. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టింది, రెండో రోజుకి చెమట పట్టి జ్వరం దిగింది. అంతకుముందు వాడినవాటికి పదిహేను వందలు అయ్యాయి. డాక్సీసైక్లిన్ స్ట్రిప్ ధర చూసి మా అక్క నమ్మలేదు, "ఇంతేనా, పనిచేస్తుందా?" అని.

పెద్దింటి_పెరడు
సరిగ్గా ఇదే. సెఫ్ రకాలు ఎన్ని గ్రాములు పోసినా స్క్రబ్ టైఫస్ మీద పనిచెయ్యవు. దేశం లెక్కలో మాత్రం ఆ పనికిరాని డోసులన్నీ పడ్డాయి, పనిచేసిన డాక్సీ కూడా పడింది. అంకె చూస్తే అన్నీ ఒకటే.

మెళియాపుట్టి_మామిడి
ఆర్‌ఎంపీలని తిట్టడానికి ఇదొక సందు దొరికింది. మా నాన్న ముప్ఫై ఏళ్ళు ఆర్‌ఎంపీ. రాత్రి రెండింటికి తలుపు కొడితే సైకిలేసుకుని వెళ్ళేవాడు. మీ ఎంబీబీఎస్‌లు కొండ మీద ఊళ్ళకి వచ్చారా? కూలికెళ్ళేవాడు జ్వరానికి టౌన్‌కి వెళ్తే ఒక రోజు కూలి, బస్సు, ఫీజు, టెస్టులు. మందుల కొట్టు చవక. ఇది లెక్కల సమస్య కాదు, బీదరికం సమస్య.

చీపురుపల్లి_ప్యాసింజర్
నేను తిట్టలేదన్నా. ఆయన కూడా మంచికే ఇచ్చాడు. జరిగింది చెప్పానంతే.

పీహెచ్‌సీ_చెల్లెమ్మ
మామిడి గారి మాటలో సగం ఒప్పుకుంటాను. అంకె తక్కువగా ఉండటం దానికదే మంచిది కాదు. నిమోనియా వచ్చిన పసిబిడ్డకి అమాక్సిసిలిన్ అందకపోతే ఆ ఊరి అంకె తక్కువే ఉంటుంది. 10.4లో అవసరం లేకుండా మింగినవాళ్ళూ ఉన్నారు, అవసరమై అందనివాళ్ళ ఖాళీ కూడా ఉంది. సగటు తీస్తే రెండూ కలిసి మర్యాదగా కనబడతాయి.

సగం ఒప్పుకోనిది ఏంటంటే, ఎంబీబీఎస్‌లే ఏం తక్కువ తినలేదు. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం 2021-22లో 20 పెద్దాసుపత్రుల్లో సర్వే చేస్తే, వార్డుల్లో ఉన్నవాళ్ళలో 71.9 శాతం మందికి యాంటీబయాటిక్ నడుస్తోంది. అందులో సగానికి పైన ముందుజాగ్రత్తకి ఇచ్చినవి. ఏ క్రిమో టెస్టులో తేలి, దానికి తగ్గట్టు ఇచ్చినవి చాలా కొద్ది.

మెళియాపుట్టి_మామిడి
అదీ మాట. అది పేపర్లో పెద్దక్షరాల్లో వెయ్యరు.

రొయ్యల_రేవు
భావనపాడు వైపు మాకు చెరువులు ఉన్నాయి. మీ గోల చదువుతుంటే నవ్వొస్తోంది. మా రొయ్య ఎగుమతికి వెళ్ళాలంటే పట్టుబడికి ముందు శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్ ఆనవాలు కనబడిందా, కొనేవాడు వెనక్కి తిరిగి చూడడు. రొయ్యకి ఉన్న పరీక్ష మనిషికి లేదు.

సిక్కోలు_చిన్నోడు
మనల్ని ఎవడు ఎగుమతి చేస్తాడన్నా.

గంటస్తంభం_గడియారం
చేస్తున్నారుగా, బెంగళూరు బొబ్బిలోడు ఏ పరీక్షా లేకుండానే వెళ్ళిపోయాడు.

లెక్కల_మాస్టారు
రేవు గారూ, డెన్మార్క్‌లో 1995లో మొదలైన ఒక కార్యక్రమం కింద మనుషులు వాడేదీ పశువులకి వాడేదీ కలిపి ఒకే పుస్తకంలో లెక్క చూపిస్తున్నారు. వాళ్ళకి పందులు ఎక్కువ, అందుకని. మనం పైన మాట్లాడుకున్న 10.4 మనుషులది మాత్రమే. కోళ్ళదీ రొయ్యలదీ అందులో లేదు. కోళ్ళకీ పశువులకీ కొలిస్టిన్ వాడకూడదని 2019లో కేంద్రం నిషేధించింది. లాకర్లో బంగారం అని పైన అన్నారే, అదే మందు, అంతవరకు కోళ్ళ దాణాలో తిరిగింది.

ఉద్దానం_జీడితోట
మా అమ్మకి కిడ్నీ సమస్య, ఆరేళ్ళుగా. క్రియాటినిన్ మూడు దాటింది. ఒకసారి మూత్రంలో మంట, చలిజ్వరం వస్తే దగ్గర్లో చూపించాం. జెంటామైసిన్ ఇంజెక్షన్లు ఐదు చేశారు. జ్వరం తగ్గింది గానీ వారానికి కాళ్ళు వాచాయి. కిడ్నీ డాక్టర్ చూసి నన్ను అరిచాడు, "ఆ మందు కిడ్నీని తింటుందని చెప్పలేదా, రిపోర్టులు చూపించలేదా?" అని. చూపించలేదు. వాళ్ళు అడగలేదు, మాకు తెలీలేదు.

ఇప్పుడు అమ్మకి చాలా యాంటీబయాటిక్స్ డోసు తగ్గించి రాస్తారు. పది రోజులు వాడినా మాస్టారి కుంచంలో ఐదు రోజులే పడుతుంది. కవిటి, సోంపేట, మందస వైపు ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కలోళ్ళకి ఎలా తెలుస్తుంది?

లెక్కల_మాస్టారు
తెలీదమ్మా. ఆ కుంచానికి ఆ సంగతి పట్టదు. నువ్వు చెప్పింది నిజం.

మందుల_కొట్టు_బావ
జీడితోట గారూ, ఒక పని చెయ్యండి. అమ్మ క్రియాటినిన్ ఆఖరి రిపోర్టు ఫోటో ఫోన్‌లో ఉంచుకుని, ఏ కొట్టుకి వెళ్ళినా, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా అడగకపోయినా ముందు అదే చూపించండి. నొప్పి బిళ్ళలకి కూడా.

కొచ్చి_వెల్డర్
మాది నరసన్నపేట. కేరళలో పని. ఇక్కడ జ్వరమొచ్చి మనూరిలాగే షాపుకెళ్ళి అజిత్రో అడిగాను. చీటీ ఉంటేనే అన్నాడు. ఎక్కువ డబ్బులిస్తానన్నా ఇవ్వలేదు. 2024 జనవరిలో ఇక్కడ ఆపరేషన్ అమృత్ అని పెట్టి, చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మేవాళ్ళని పట్టుకుంటున్నారట. గొణుక్కుంటూ రూముకెళ్ళి పడుకున్నాను, మూడో రోజుకి జ్వరం దానంతటదే పోయింది. రూమ్మేట్ ఒకటే నవ్వు.

బెంగళూరు_బొబ్బిలోడు
అది యాప్ లేకుండానే జరిగిందా?

కొచ్చి_వెల్డర్
షాపోడు వద్దన్నాడు. అంతే యాప్.

అరసవిల్లి_ఎండ
ఎవరూ అసలు విషయం మాట్లాడటం లేదు. యాంటీబయాటిక్ వేడి చేస్తుంది. దాంతోపాటు మజ్జిగ తాగాలి, బార్లీ తాగాలి.

పెద్దింటి_పెరడు
బార్లీ తాగండి, పర్లేదు. సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకున్నప్పుడు మాత్రం వెంటనే పాలు, మజ్జిగ వద్దు. అందులో కాల్షియం మందుని పట్టేసుకుంటుంది, ఒంటికి సరిగ్గా అందదు. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత తాగండి, ముందే తాగేసి ఉంటే ఆరు గంటలు ఆగి మాత్ర వేసుకోండి.

అరసవిల్లి_ఎండ
ముప్ఫై ఏళ్ళుగా మజ్జిగతోనే వేసుకుంటున్నాను. అందుకా తగ్గనిది!

నాగావళి_గట్టు
మీ అందరి మాటలూ విన్నాక ఇవాళ మధ్యాహ్నం మా ఇంట్లో మాత్రల డబ్బా దింపాను. పాత బిస్కెట్ల రేకు డబ్బా, ఫ్రిజ్ మీద ఉంటుంది. అందులో ఉన్నవి చెప్తాను. సెఫిక్సైమ్ 200 స్ట్రిప్‌లో నాలుగు మిగిలాయి. పదిలో ఆరు ఎవరు వేసుకున్నారో ఎవరికీ గుర్తులేదు. మా ఆవిడ నేనంటుంది, నేను మా నాన్నగారంటున్నాను. అమాక్సిసిలిన్ క్యాప్సూల్స్ ఎనిమిది, గత ఏడాదే డేట్ అయిపోయింది. పిల్లలది సిరప్ సీసా, అడుగున గట్టిపడిపోయింది. ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ ఒకటిన్నర మాత్ర. ఆ సగం ఎందుకు విరిచామో దేవుడికి తెలియాలి.

మాస్టారూ, ఇవన్నీ మేం మింగినట్టే లెక్కలో ఉన్నాయా?

లెక్కల_మాస్టారు
ఉన్నాయి. సెఫిక్సైమ్ నాలుగు మాత్రలు 2 డోసులు. అమాక్సిసిలిన్ 500వి అయితే ఎనిమిదీ కలిపి రెండున్నర దాటతాయి. మీరు మింగకపోయినా దేశం దృష్టిలో మింగారు.

పీహెచ్‌సీ_చెల్లెమ్మ
ఆ నాలుగూ వచ్చేసారి జ్వరానికి వేసుకోవద్దు. అమాక్సిసిలిన్ డేట్ అయిపోయిందంటున్నారు, అది పారేయండి. పెంట మీదా, నాగావళిలోనూ కాదు, పాత మందులు వెనక్కి తీసుకునే షాపు ఉంటే అక్కడ ఇవ్వండి.

నాగావళి_గట్టు
ఇంకొకటి దొరికింది. రేకు ముక్క, కత్తెరతో కత్తిరించినది, రెండు మాత్రలు. తెల్లగా, పొడుగ్గా ఉన్నాయి. పేరు లేదు, డేటు లేదు. అంచున ఎర్ర గీత మాత్రం ఉంది. ఇది ఏ గుంపులో వెయ్యాలి?

మందుల_కొట్టు_బావ
ఎర్ర గీత ఉందంటే చీటీ మీద ఇవ్వాల్సినదే. పేరు లేకుండా ఏం చెప్తాం. వెనక బ్యాచ్ నంబర్ ఏమైనా ఉందేమో ఫోటో పెట్టండి.

నాగావళి_గట్టు
బ్యాచ్ నంబరున్న ముక్క మీలాంటి వాళ్ళ కొట్టులోనే ఉండిపోయింది బావగారూ.